ప్రశ్నలు మీవి, జవాబులు మావి: పాత కవర్లతో క్రోషే అల్లిక

ప్లాస్టిక్ కవర్లను పట్టీలుగా కత్తిరించి, క్రోషే సూదితో సంచులు, చాపలు అల్లడం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది కుట్టు గురించే అడిగారు కానీ, ఉత్తరాలు చదివితే తేడా వస్తున్నది కత్తెర దగ్గరే అని అర్థమవుతోంది. అందుకే రెండో జవాబు కాస్త పెద్దదైంది. అల్లిక వచ్చినవాళ్లు కూడా అది వదలకుండా చదవండి.

ప్ర: ఇంట్లో రెండు బస్తాల పాత కవర్లు పోగయ్యాయి. కిరాణా కవర్లు, బట్టల షాపువి, చీరల కవర్లు, చిప్స్ ప్యాకెట్లు అన్నీ కలిసిపోయాయి. వీటిలో ఏవి పనికొస్తాయి? (తణుకు)

జ: చేత్తో పట్టుకుని అడ్డంగా సాగదీసి చూడండి. సాగితే ఉంచండి, పుటుక్కున చీలితే పక్కన పడేయండి. ముట్టుకుంటే గరగరలాడే పలచని కిరాణా కవర్లు, మెత్తగా సాగే బట్టల షాపు కవర్లు రెండూ మంచివే. చీరలకు, చొక్కాలకు వచ్చే గాజులా మెరిసే కవర్లు సాగవు. ఒకచోట చిరుగు పడితే చివరిదాకా పోతాయి. చిప్స్ ప్యాకెట్లలో ఒకదానిమీద ఒకటి పొరలు అంటించి ఉంటాయి కాబట్టి మడత దగ్గర విరిగినట్టై గుచ్చుకుంటాయి. చేపలు, మాంసం తెచ్చిన కవర్లు ఎంత కడిగినా వాసన వదలవు, వాటితో పెట్టుకోవద్దు.

గుడ్డలా కనిపించే సంచులు కూడా ప్లాస్టిక్కే. వాటిని కత్తిరిస్తే అంచుల్లో నూగు లేస్తుంది, ఎండ తగిలితే పొడిపొడిగా రాలిపోతాయి. మరీ జాగ్రత్తగా చూడాల్సినవి ‘కంపోస్టబుల్’ అని అచ్చు వేసిన కవర్లు. ఐఎస్ 17088 అన్న గుర్తు కూడా ఉండొచ్చు. అవి మెత్తగా, అల్లికకు భలే అనువుగా ఉన్నట్టు అనిపిస్తాయి. కానీ అవి శిథిలమయ్యేలా తయారైనవే, వాటితో అల్లిన సంచి మన వేడికీ తేమకూ బీరువాలోనే బలం కోల్పోతుంది. ఒక్క కవరు మధ్యలో కలిసినా సంచి తెగేది అక్కడే.

ఇంకొక మాట. మన దేశంలో 120 మైక్రాన్లకన్నా పలచని క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. కాబట్టి ఈ పని ఇంట్లో ఇప్పటికే పోగైన కవర్లతోనే. అల్లిక కోసమని కొట్లో కవరు అడిగి తెచ్చుకుంటే చేసే పనికే అర్థం ఉండదు.

ప్ర: వీడియో చూసి కవర్లు కత్తిరించి ముడులు వేశాను. అల్లుతుంటే పట్టీ మాటిమాటికీ తెగుతోంది. తెగనిచోట ముడి లావుగా ఉండి సూదికి అడ్డం పడుతోంది. పట్టీ ఎంత వెడల్పు ఉండాలి? (హనుమకొండ)

జ: ముందు ఎందుకు తెగుతుందో చూద్దాం. పలచని కిరాణా కవరును నిలువుగా చింపితే సులువుగా చిరుగుతుంది, అడ్డంగా చింపాలంటే మొరాయిస్తుంది. తయారీలో దాన్ని నిలువుగా లాగుతారు కాబట్టి అలా ఉంటుంది. మనం పట్టీని అడ్డంగా కత్తిరిస్తాం. అంటే పట్టీ అంచులో కత్తెర చిన్న గాటు పెట్టినా, ఆ గాటు నిలువునా పాకి పట్టీని రెండు ముక్కలు చేస్తుంది. మొద్దు కత్తెరతో టక్‌టక్‌మని కొరికినట్టు కత్తిరిస్తే ప్రతి కొరుకు దగ్గరా ఒక గాటు తయారవుతుంది. బట్టలు కత్తిరించే పొడుగు కత్తెర తీసుకుని, మడతమీద ఒకే ఊపున, మొదటినుంచి చివరిదాకా కత్తిరించండి. మీ సమస్యలో సగం ఇక్కడే పోతుంది.

పద్ధతి ఇదీ. కవరు కడిగి ఆరబెట్టండి. తడి ఉంటే పొరలు అతుక్కుని మడత జరుగుతుంది. పక్కన లోపలికి మడిచిన భాగాలను ఎప్పటిలాగే సర్ది, బల్లమీద పరిచి అరచేత్తో గాలి పోయేదాకా రాయండి. నిలువుగా ఒకసారి, మళ్లీ ఒకసారి మడవండి. చేతిలో ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు కట్ట తయారవుతుంది. పైన పట్టుకునే చెవులు, అడుగున అతికించిన కుట్టు రెండూ కోసేయండి. మిగిలినదాన్ని అడ్డంగా ముక్కలు కోయండి. విప్పి చూస్తే ప్రతి ముక్కా అతుకు లేని ఉంగరంలా వస్తుంది.

వెడల్పు కవరు మందాన్నిబట్టి ఉంటుంది. మామూలు కవరుకు 2.5 సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం. మరీ పలచనిదైతే 3, మందపాటి బట్టల షాపు కవరైతే 1.5 చాలు. రెండు రకాలు ఒకే వస్తువులో వాడేటప్పుడు ఒక్కో ఉంగరాన్ని వేళ్లతో మెలిపెట్టి చూడండి, రెండూ ఒకే లావు రావాలి. అలా రాకపోతే అల్లిక ఒకచోట బిగుసుకుని, ఇంకోచోట వదులై వస్తువు వంకరపోతుంది.

ఉంగరాలు కలపడం చిన్నప్పుడు రబ్బరు బ్యాండ్లను తాడులా కలిపిన పద్ధతే. మొదటి ఉంగరం కొసలోంచి రెండో ఉంగరాన్ని సగం దూర్చి, ఆ రెండోదాని ఒక కొసను దాని రెండో కొసలోంచి తీసి లాగాలి. ముడి లావుగా వస్తోందంటే, మీరు రెండు కొసలు పట్టుకుని ఒక్కసారిగా గుంజుతున్నారన్నమాట. అప్పుడు ప్లాస్టిక్ ముడి పక్కన సన్నగా సాగి మెడలా తయారవుతుంది. అల్లేటప్పుడు తెగేది ఆ మెడ దగ్గరే. ముడి పూర్తిగా బిగిసేలోపు ఆపి, రెండు ఉంగరాల మడతలనూ వేళ్లతో విప్పి సర్ది, అప్పుడు మెల్లగా దగ్గరికి తేవాలి. ముడి పలచగా, చదునుగా కూర్చుంటుంది.

లెక్క కూడా చెప్తాం. పక్క మడతలు కూడా విప్పి చదును చేస్తే 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండే కవరులో చెవులూ అడుగూ పోగా 35 సెంటీమీటర్ల ఎత్తు మిగిలిందనుకుందాం. 14 ఉంగరాలు వస్తాయి. ఒక్కోటి ముడి పోను 27, 28 సెంటీమీటర్ల రెండు పేటల దారం అవుతుంది. అంటే కవరుకు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ.

ముడులే వద్దనుకుంటే చుట్టూ తిరిగేలా ఒకే పట్టీగా కోయవచ్చు. అది ఒంటి పేట కాబట్టి వెడల్పు రెట్టింపు, 5 సెంటీమీటర్లు పెట్టాలి. కవరును అడ్డంగా పరిచి, ఒక అంచు దగ్గర మూడు సెంటీమీటర్లు వదిలేసి, మిగతా అంతా అడ్డకోతలు పెట్టండి. వదిలిన భాగాన్ని విప్పి పైకి తిప్పి, ఇటువైపు మొదటి కోతను అటువైపు రెండో కోతకు, ఇటు రెండోదాన్ని అటు మూడోదానికి ఏటవాలుగా కలుపుతూ కోయాలి. ఎదురెదురు కోతలను నేరుగా కలిపితే మళ్లీ ఉంగరాలే వస్తాయి. ఈ పట్టీ చూడ్డానికి నున్నగా ఉంటుంది కానీ బరువులు మోసే సంచికి రెండు పేటల ఉంగరాల దారమే మంచిదని మా అభిప్రాయం.

ప్ర: మాది పాలకొల్లు దగ్గర. ఇంటిల్లిపాదీ లేసు అల్లుతాం. అదే సూదితో కవర్లు అల్లవచ్చా? ప్రయత్నిస్తే బొటనవేలు నొప్పి పుట్టింది. (పశ్చిమ గోదావరి)

జ: రాదండీ. లేసు సూది నూలు దారానికి చేసిన సన్నని స్టీలు సూది. దాని కొక్కెంలో అంగుళం పట్టీ పట్టదు, పట్టినా చిరుగుతుంది. దీనికి 6.5 నుంచి 8 మిల్లీమీటర్ల సూది కావాలి. ఉలెన్ దారాలమ్మే కొట్లలో అడగండి. అల్యూమినియంది తీసుకోండి. ప్లాస్టిక్ సూది ప్లాస్టిక్ పట్టీని పట్టుకుని వదలదు.

లేసు వచ్చినవాళ్లకు కుట్టు నేర్పాల్సిన పని లేదు, చెయ్యి వదులు చేసుకోవడమే నేర్చుకోవాలి. లేసులో బిగువే అందం. ఇక్కడ బిగిస్తే పట్టీ పట్టీకి అతుక్కుని తర్వాతి వరుసలో సూది దూరదు. దూర్చడానికి చేసే బలవంతమే మీ బొటనవేలి నొప్పి. కుట్టును సూది మెడ దగ్గర కాకుండా లావుగా ఉన్న కాడమీదికి తెచ్చి పూర్తి చెయ్యండి. సూది పట్టేస్తుంటే కాడకు కాస్త టాల్కం పౌడరు రాయండి. నూనె రాయొద్దు, దుమ్ము పట్టి అల్లిక మురికిగా కనిపిస్తుంది. పట్టుకునేచోట పాత గుడ్డ పట్టీ చుట్టుకుంటే పిడి లావై వేళ్లకు సుఖంగా ఉంటుంది. అరగంటకోసారి చెయ్యి ఆపండి.

ప్ర: గుండ్రటి చాప మొదలుపెట్టాను. ఆరేడు వరుసల తర్వాత అంచులు పైకి లేచి గిన్నెలా అయింది. ఇస్త్రీ చేస్తే సరిపోతుందా? (కూకట్‌పల్లి)

జ: ఇస్త్రీ పెట్టె దగ్గరికి కూడా తీసుకెళ్లొద్దు. ఉన్ని అల్లికను ఆవిరిపట్టి చదును చేసుకోవచ్చు, ఇది కరిగి పెట్టెకు అంటుకుంటుంది.

సింగిల్ కుట్టుతో (క్రోషేలో మామూలుగా వాడే పొట్టి కుట్టు) గుండ్రంగా అల్లేటప్పుడు ప్రతి వరుసకూ ఆరు కుట్లు పెరగాలి. 6, 12, 18, 24, 30, 36 ఇలా. పదో వరుసకు 60 ఉండాలి. గిన్నెలా లేచిందంటే పెంపు, అంటే ఒకే కుట్టులో రెండు వేయడం, తగ్గిందన్నమాట. మరచిపోయి ఉంటారు, లేదా బిగించి అల్లారు, లేదా మధ్యలో సన్నని పట్టీకి మారారు. అంచు కుచ్చులు తిరిగి అలల్లా లేస్తే పెంపు ఎక్కువైంది. ఇప్పుడు ఆరో వరుస కుట్లు లెక్కపెట్టండి. 36 లేకపోతే తేడా వచ్చిన వరుసదాకా విప్పడమే. ఒకసారి విప్పిన పట్టీ మళ్లీ వాడుకోవచ్చు, రెండోసారి విప్పితే సాగి నలిగి ఉంటుంది, మార్చేయండి.

లెక్క సరిగానే ఉండి చాప ఆరు మూలలుగా కనిపిస్తే, పెంపు ప్రతిసారీ ఒకదానిమీద ఒకటి పడుతోందని అర్థం. వరుస మార్చినప్పుడల్లా పెంపు చోటు కాస్త జరపండి. వరుస మొదట్లో ఒక పిన్నీసు పెట్టుకోండి, లేకపోతే ఎక్కడ మొదలైందో తెలియదు. ఇంకో చిన్న విషయం: వీడియోల్లో మధ్యలో లాగి బిగించే మ్యాజిక్ రింగ్ చూపిస్తారు. ఈ పట్టీ జారదు, అది బిగియదు. రెండు చైన్లు (గొలుసు కుట్లు) వేసి, సూదినుంచి రెండో చైన్‌లో ఆరు సింగిళ్లు వేసేయండి.

ప్ర: రైతు బజారుకు తీసుకెళ్లే సంచి కొలతలు చెప్పగలరా? కూరగాయలు వేస్తే చెవులు సాగి సంచి మోకాలిదాకా దిగుతోంది. (విజయనగరం)

జ: చెప్తాం. ఒక జాగ్రత్త ముందు: ఇక్కడ సింగిల్ అంటే అమెరికా పద్ధతి సింగిల్. బ్రిటిష్ పుస్తకాల్లో దాన్నే డబుల్ అంటారు.

8 మిల్లీమీటర్ల సూది, అంగుళం ఉంగరాల రెండు పేటల దారం. ముందు చిన్న ముక్క అల్లి కొలవండి. పది సెంటీమీటర్లకు సుమారు 9 కుట్లు, 10 వరుసలు రావాలి. ఎక్కువ కుట్లు వస్తే చెయ్యి వదులు చెయ్యాలి.

అడుగు: 25 చైన్లు వేయండి. సూదినుంచి రెండో చైన్‌తో మొదలుపెట్టి 23 సింగిళ్లు, చివరి చైన్‌లో 3. తిప్పకుండా అదే చైన్ రెండోవైపు 22, మొదట్లో వేసిన చైన్‌లోనే ఇంకో 2. మొత్తం 50. తర్వాతి వరుసలో రెండు కొసల్లోనూ ఉన్న మూడేసి కుట్లను రెట్టింపు చెయ్యండి. 56 అవుతాయి. అడుగు అంతే.

గోడ: ఇక పెంపు లేకుండా 56 కుట్లతోనే చుట్టూ పైకి 32 వరుసలు. సంచి 31 సెంటీమీటర్ల వెడల్పు, ముప్పైకి పైగా ఎత్తు వస్తుంది.

చెవులు: ముందువైపు 28 కుట్లలో 9 సింగిళ్లు వేసి, 14 చైన్లు వేసి, కింద 10 కుట్లు వదిలేసి, మళ్లీ 9. వెనకవైపు కూడా ఇంతే. తర్వాతి వరుసలో ఆ చైన్లమీద 14 సింగిళ్లు వేసుకుంటూ పోవాలి. ఇంకో రెండు వరుసలు వేసి ముగించండి. కొసను లోపలివైపు పది కుట్లదాకా వెనక్కీ ముందుకీ దూర్చండి. కొద్దిగా దూర్చితే ఊడి వస్తుంది. మొత్తం 30 నుంచి 35 కవర్లు పడతాయి.

మీ సంచి దిగడానికి కారణం భుజానికి వేసుకునే పొడుగు చెవులు. ప్లాస్టిక్ బరువుకు సాగుతుంది, సాగినది పూర్తిగా వెనక్కి రాదు. అందుకే చెయ్యి పట్టేంత చెవి చాలంటున్నాం. భుజానికే కావాలంటే చెవులకు నవారు పట్టీ కుట్టించుకోండి. నాలుగైదు కిలోలకు మించి వేయకండి. ఉల్లి, బంగాళాదుంప, కొబ్బరికాయలకు భేషుగ్గా ఉంటుంది. రంగు కవర్ల అచ్చు చేతికి అంటేది ఉంటుంది, అందుకని తరిగిన కూరలు, వండినవి ఇందులో పెట్టొద్దు.

ప్ర: పాల ప్యాకెట్లు నెలకు అరవై పోగవుతాయి. వాటితో అల్లవచ్చా? (ఒంగోలు)

జ: అల్లవచ్చు, కానీ అంత సొగసుగా రాదు. అర లీటరు ప్యాకెట్టు చదును చేస్తే పదిహేను సెంటీమీటర్ల వెడల్పే ఉంటుంది. ఉంగరాలు కోస్తే జానెడైనా కాకముందే ముడి. రెండు కొసలూ కోసేసి, గొట్టాన్ని చుట్టూ తిరిగేలా ఒకటిన్నర సెంటీమీటర్ల పట్టీగా కోయండి. వెనక అతుకు గీత అడ్డం వచ్చినచోట పట్టీ మందంగా ఉంటుంది, అది తప్పదు. ఒక్కో ప్యాకెట్టుకు దాదాపు మూడు మీటర్లు వస్తుంది.

అసలు చిక్కు వాసన. ప్యాకెట్టు మూల చిన్నగా కోసి పాలు పోసుకుని అలాగే పడేస్తే లోపలి వెన్న పులిసిపోతుంది. ఆ రోజే పైకొస పూర్తిగా కోసి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బుతో రుద్ది, తిరగేసి ఆరబెట్టాలి. అంత ఓపిక లేకపోతే పాత సామాన్లవాళ్లకు ఇచ్చేయండి. శుభ్రంగా ఉన్న పాల కవర్లకు వాళ్ల దగ్గర గిరాకీ ఉంది. మా సలహా అదే: వాళ్లు తీసుకునేవి వాళ్లకు, తీసుకోని పలచని కవర్లు అల్లికకు.

ప్ర: అల్లిన చాప బాత్రూమ్ గుమ్మం దగ్గర వేయవచ్చా? వేడి గిన్నెల కింద? డాబామీద కుండీలకు ఉట్టిగా? (కర్నూలు)

జ: మూడూ వద్దు. తడి పలకలమీద ప్లాస్టిక్ చాప జారుతుంది, ఇంట్లో పెద్దవాళ్లుంటే మరీ ప్రమాదం. వేడి గిన్నె కింద పెడితే కరుగుతుంది. మెత్తని కవర్లు 105, 115 డిగ్రీల మధ్యే కరుగుతాయి, మెత్తబడటం ఇంకా ముందే. అగరుబత్తి, దీపాల దగ్గర కూడా ఉంచొద్దు. డాబామీద ఎండకు కొన్ని నెలల్లోనే పెళుసెక్కి రేకులుగా రాలుతుంది. కుండీ పడటం ఒక నష్టం, ఆ రేణువులు మట్టిలో కలవడం ఇంకో నష్టం. అదే కారణంతో గిన్నెలు తోమే పీచుగా కూడా అల్లకండి.

నీడలో వాడేవి ఏళ్లతరబడి ఉంటాయి. ఉతకాలంటే చల్లని నీళ్లు, సబ్బు, మెత్తని బ్రష్. నీడన తలకిందులుగా వేలాడదీయండి.

ప్ర: ఇక్కడ ఇళ్లులేనివాళ్ల కోసం కవర్లతో పడక చాపలు అల్లి ఇస్తుంటారు. మా తెలుగు మహిళల బృందం కూడా చేద్దామనుకుంటోంది. ఎన్ని కవర్లు కావాలి? (డాలస్, అమెరికా)

జ: అక్కడి లెక్క మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చాపకు 500 నుంచి 700 కవర్లు. మనం చెప్పిన అంగుళం పట్టీతో పోలిస్తే ఇది ఎక్కువగా అనిపిస్తుంది. కారణం, అక్కడ పట్టీ రెండు, రెండున్నర అంగుళాలు కోసి, 10 మిల్లీమీటర్లకు అటూఇటూ సూదితో అల్లుతారు. మెత్తదనం అందుకే వస్తుంది, సన్న పట్టీతో అల్లి పొదుపు చేయకండి. నేలమీది తడి, చలి ఒంటికి తగలకుండా ఆపడమే దాని పని.

అందరూ ఒక్కో ముక్క అల్లి తర్వాత కలుపుదామనుకుంటే ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు అయి ముక్కలు కుదరవు. కత్తిరించేవాళ్లు, ముడులు వేసేవాళ్లు, అల్లేవాళ్లు అని పని పంచుకోండి. ఒక చాప మొదటినుంచి చివరిదాకా ఒక చేతిమీదే వెళ్లాలి. చుట్టి మోసుకెళ్లడానికి ఒక కొసన కట్టుకునే పట్టీ, భుజానికి తగిలించుకునే పట్టీ మరవకండి. మొదలుపెట్టేముందు మీరు ఇవ్వాలనుకున్న ఆశ్రయ కేంద్రాన్ని అడగండి. నల్లుల భయంతో కొన్నిచోట్ల పడకలు తీసుకోరు. బయట పడుకునేవాళ్లకే ఇది అవసరం.

ప్ర: మా పొదుపు సంఘంలో పదిమందిమి ఉన్నాం. సంచులు అల్లి అమ్మితే గిట్టుబాటవుతుందా? (నల్గొండ)

జ: పై సంచికి కత్తిరించి ముడులు వేయడానికి రెండు గంటలు, అల్లడానికి పది పదకొండు గంటలు వేసుకోండి, అదీ చెయ్యి తిరిగినవాళ్లకు. మూడు వందలకు అమ్మినా గంటకు పాతిక రూపాయలకు మించి పడదు. సరుకు ఉచితమని సంబరపడితే శ్రమ లెక్కలోకి రాదు. అందుకని సంచులు వదిలేయమంటాం.

లీటరు నీళ్ల సీసాకు తొడుగు చూడండి. అడుగు 6, 12, 18, 24 కుట్లతో నాలుగు వరుసలు, ఆపైన 24తోనే పదిహేను వరుసలు, 100 చైన్ల పట్టీమీద ఒక వరుస సింగిల్. ఎనిమిది, పది కవర్లు, మూడు గంటల పని. తెలుపుమీద ఒకే ముదురు రంగు చారలు వేస్తే చూడముచ్చటగా ఉంటుంది. దొరికిన రంగులన్నీ కలిపితే ఎంత బాగా అల్లినా ఎవరూ కొనరు. కవర్లమీది షాపు పేర్లు బయటికి కనిపించకుండా పట్టీని లోపలికి మెలితిప్పుతూ అల్లండి.

కత్తిరించగా మిగిలిన చెవులు, అడుగు కుట్లు, ముడి ముక్కలు కాల్చొద్దు. పాత దిండు గలీబులో నింపి కుట్టేస్తే కుర్చీకి మెత్త అవుతుంది. ఒక మెత్తకు దాదాపు నాలుగైదు సంచుల తుక్కు పడుతుంది.